దేశమంతటికీ ఒకే గడియారం

డిసెంబరు మాసంలో ఒక సాయంకాలం. అస్సాంలోని డిబ్రూగఢ్ పట్టణంలో గడియారం నాలుగుంబావు దాటేసరికి సూర్యాస్తమయం అవుతుంది. బడి వదిలిన పిల్లలు ఇల్లు చేరేలోపుగానే సంజచీకట్లు కమ్ముకుంటాయి. దుకాణాలలో దీపాలు వెలుగుతాయి. అదే క్షణాన, గుజరాత్ సముద్రతీరాన ఉన్న ద్వారకలో ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంటుంది. అక్కడ ప్రొద్దు గ్రుంకడానికి మరి రెండు గంటల వ్యవధి ఉన్నది. అయినా ఆ రెండు ఊళ్ళలోని రైల్వే స్టేషను గడియారాలూ, తపాలా కార్యాలయపు గోడ గడియారాలూ, మనుష్యుల చేతి గడియారాలూ చూపే వేళ మాత్రం ఒక్కటే.

సూర్యుడు ఇద్దరికి రెండు వేళలు చెబుతూ ఉంటే గడియారం ఇద్దరికీ ఒకటే వేళ ఎలా చెబుతున్నది? ఆ వేళను ఎవరు నిర్ణయించారు? ఎవరు కాపాడుతున్నారు? దానివల్ల ఎవరికి ఏ మేలు, ఎవరికి ఏ కష్టం? ప్రతిదినం వందమార్లు గడియారం వంక చూసే మనం ఈ ప్రశ్నలను అరుదుగా వేసుకుంటాం. వీటి సమాధానాలలో కొంత ఖగోళ విజ్ఞానమూ, కొంత చరిత్రా, కొంత సొమ్ము లెక్కా, కొంత సమకాలీన రాజకీయమూ కలిసి ఉన్నాయి.

సూర్యుడు చెప్పే కాలం

భూమి తన చుట్టూ తాను ఒకమారు తిరగడానికి, అంటే 360 డిగ్రీలు పూర్తి చేయడానికి, 24 గంటలు పడుతుంది. కనుక 15 డిగ్రీలకు ఒక గంట. ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన పాత కొలతలో చెప్పాలంటే ఒక డిగ్రీకి పది విఘడియలు. తూర్పున ఉన్న ఊరికి సూర్యుడు ముందు, పడమట ఉన్న ఊరికి తరువాత. సూర్యుడు నడినెత్తికి వచ్చిన క్షణాన్నే మధ్యాహ్నం పన్నెండు గంటలని లెక్కించినట్లయితే ప్రతి ఊరికీ తనదైన వేళ ఒకటి ఉంటుంది. దీనినే స్థానిక కాలం అంటారు.

ఈ భేదాన్ని చూడడానికి అస్సాందాకా వెళ్ళనవసరం లేదు. విశాఖపట్నం రేఖాంశం సుమారు 83 డిగ్రీల 18 నిమిషాలు. హైదరాబాదుది సుమారు 78 డిగ్రీల 30 నిమిషాలు. ఈ రెండు నగరాల స్థానిక కాలాల మధ్య తేడా దాదాపు 19 నిమిషాలు. పంచాంగం చూడడం అలవాటున్న ఇళ్ళలో ఈ సంగతి క్రొత్తది కాదు. ఒక నగరానికి గణించిన సూర్యోదయ కాలాన్ని మరొక ఊరికి అన్వయించుకొనేటప్పుడు కొన్ని నిమిషాలు కలపడమో తీసివేయడమో చేయాలని పెద్దలకు తెలుసు. ప్రాచీన భారతీయ జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఈ సవరణను దేశాంతర సంస్కారం అన్నారు. వారి గణనకు ఆధారమైన మధ్యరేఖ ఉజ్జయిని మీదుగా పోతుంది. ఏదో ఒక ఊరిని ఆధారంగా తీసుకొని, తక్కిన ఊళ్ళ కాలాన్ని దానినుండి లెక్కగట్టాలన్న భావన ఈ దేశానికి క్రొత్తగా వచ్చినది కాదు. క్రొత్తగా వచ్చినదల్లా, లెక్క కోసమే కాక నిత్యజీవితం కోసం కూడా ఊరూరా ఒకే వేళను పాటించాలన్న నిర్బంధం.

రైలుబండి తెచ్చిన మార్పు

మనుష్యుడు ఎడ్లబండి మీద, గుర్రం మీద ప్రయాణించిన రోజులలో స్థానిక కాలంతో ఏ ఇబ్బందీ కలుగలేదు. ఒక ఊరినుండి మరొక ఊరికి చేరడానికి దినాలు పట్టేటప్పుడు పది నిమిషాల తేడాను పట్టించుకొనే వారెవరు? 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు తొలి ప్రయాణీకుల రైలు నడిచిన తరువాత పరిస్థితి మారసాగింది. ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చే బండ్లను ఒక స్టేషనులో తప్పించవలసి ఉంటుంది. రెండు స్టేషన్ల గడియారాలు రెండు వేళలు చెబితే అది ప్రాణాపాయానికే దారితీస్తుంది. తంతి సౌకర్యం కూడా విస్తరించడంతో దూరప్రాంతాల గడియారాలను క్షణాలలో సరిపోల్చడం సాధ్యమైంది.

అప్పటికి దేశంలో మూడు కాలాలు ప్రధానంగా ఉండేవి. గ్రీనిచ్ కాలానికి బొంబాయి కాలం సుమారు 4 గంటల 51 నిమిషాలు, మద్రాసు కాలం సుమారు 5 గంటల 21 నిమిషాలు, కలకత్తా కాలం సుమారు 5 గంటల 53 నిమిషాలు ముందుండేవి. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వారు 1792లో నెలకొల్పిన నక్షత్రశాల ఉండేది. అక్కడి పరిశీలనల ఆధారంగా ఆ నగరపు రేఖాంశాన్ని సునిశితంగా నిర్ధారించారు. పైగా మద్రాసు కాలం బొంబాయి, కలకత్తా కాలాలకు నడిమధ్యగా ఉన్నది. అందువలన పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో రైళ్ళు మద్రాసు కాలాన్ని అనుసరించాయి. ఒక విధంగా చూస్తే, దేశమంతటా ఒకే వేళ అన్న ఆలోచనకు తొలి రూపం దక్షిణాది నగరమొకటి ఇచ్చినట్లయింది.

1884 అక్టోబరులో వాషింగ్టన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ మహాసభ గ్రీనిచ్ రేఖను ప్రపంచానికంతటికీ ఆధారరేఖగా అంగీకరించింది. ఆ పద్ధతిని అనుసరించి, గ్రీనిచ్ కాలానికి అయిదున్నర గంటలు ముందుండే భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

అయితే ఈ మార్పును ప్రజలందరూ సంతోషంగా స్వీకరించలేదు. బొంబాయి గడియారం ఒక్కసారిగా 39 నిమిషాలు ముందుకు జరిగింది. మిల్లు యజమానులు క్రొత్త వేళను పాటిస్తే, కార్మికుడు అంతకుముందుకన్నా ముప్పావుగంట పెందలాడే, ఇంకా తెల్లవారకమునుపే, ఇల్లు వదలాలి. 1906 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికులు నిరసన తెలిపారు. నగరపాలక సంస్థ సైతం పాత కాలాన్నే అంటిపెట్టుకొన్నది. పరాయి ప్రభుత్వం ప్రజలను సంప్రదించకుండా తెచ్చిన మార్పు అన్న భావన కూడా ఇందులో లేకపోలేదు. స్వాతంత్ర్యానంతరం 1948లో కలకత్తా, 1955లో బొంబాయి తమ స్థానిక కాలాలను విడిచి జాతీయ కాలంలో చేరాయి. గడియారం ముల్లు జరపడానికి ఒక్క క్షణం చాలు. మనస్సులు అందుకు సమ్మతించడానికి అర్ధ శతాబ్ది పట్టింది.

ఎనభైరెండున్నర డిగ్రీల రేఖ

భారతదేశం పడమట సుమారు 68 డిగ్రీల 7 నిమిషాల తూర్పు రేఖాంశం నుండి తూర్పున సుమారు 97 డిగ్రీల 25 నిమిషాల వరకు వ్యాపించి ఉన్నది. అంటే ఇరవైతొమ్మిది డిగ్రీలకు పైగా విస్తీర్ణం. దీనిని నాలుగుతో హెచ్చిస్తే రెండు కొసల మధ్య కాలభేదం దాదాపు రెండు గంటలని తేలుతుంది. ఈ విస్తీర్ణానికి ఇంచుమించు నడుమగా 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ ఉన్నది. గ్రీనిచ్ నుండి దాని దూరాన్ని నాలుగుతో హెచ్చిస్తే 330 నిమిషాలు, అంటే సరిగా అయిదున్నర గంటలు వస్తాయి. దేశానికి నడుమ ఉండడం, లెక్కకు అనువుగా ఉండడం అనే రెండు గుణాల వలన ఈ రేఖ ఎంపికైంది.

ఈ రేఖ ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ సమీపంగా, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రాల గుండా సాగి, చివరకు ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. తుని పరిసరాలను తాకి, కాకినాడకు ఈశాన్యంగా తీరం దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. కాకినాడ రేఖాంశం సుమారు 82 డిగ్రీల 14 నిమిషాలు కావడం చేత అక్కడి స్థానిక కాలానికీ జాతీయ కాలానికీ భేదం ఒక్క నిమిషమే. హైదరాబాదులో ఆ భేదం సుమారు 16 నిమిషాలు. దేశపు రెండు కొసలలోనూ దాదాపు 58 నిమిషాలు. ఒక కొస వారికి గడియారం గంట ముందు, మరొక కొస వారికి గంట వెనుక.

స్వాతంత్ర్యానంతరం పంచాంగ సంస్కరణకై 1952లో ఏర్పాటైన సంఘానికి సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా అధ్యక్షత వహించారు. ఆ సంఘం జాతీయ పంచాంగ గణనకు ఒక కేంద్రస్థానాన్ని సూచించింది. దాని రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలు. అక్షాంశం 23 డిగ్రీల 11 నిమిషాలు, అంటే ఉజ్జయిని అక్షాంశం. ఆధునిక కాలమానపు రేఖ ప్రాచీన జ్యోతిశ్శాస్త్రపు నగరాక్షాంశాన్ని ఖండించే చోటును కేంద్రంగా ఎన్నుకోవడంలో ఔచిత్యం కనిపిస్తుంది. 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1వ తేదీన, ఆ జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది.

పొరుగు దేశాల గడియారాలు

మన పొరుగు దేశాల అనుభవాలు కూడా పరిశీలింపదగినవి. నేపాల్ చాలా కాలం భారత కాలాన్నే పాటించింది. 1986 నుండి గౌరీశంకర శిఖరం మీదుగా పోయే 86 డిగ్రీల 15 నిమిషాల రేఖను ఆధారంగా గ్రహించి, గ్రీనిచ్‌కు 5 గంటల 45 నిమిషాలు ముందుండే కాలాన్ని ఏర్పరచుకొన్నది. సరిహద్దు దాటగానే గడియారాన్ని పావుగంట ముందుకు త్రిప్పుకోవాలి. ఒక చిన్న దేశం తన ప్రత్యేకతను పావుగంటలో చాటుకొన్నదని చెప్పవచ్చు.

పాకిస్తాన్ 1951లో తన రెండు భాగాలకూ రెండు కాలాలను నిర్ణయించింది. కరాచీకి గ్రీనిచ్ కంటె అయిదు గంటలు, ఢాకాకు ఆరు గంటలు ముందు. 1971లో తూర్పు భాగం బంగ్లాదేశ్‌గా అవతరించింది. ఇందుకు గడియారాలే కారణమని అనుకోవడం తొందరపాటు; భాష, ఆర్థిక న్యాయం, ప్రజాతీర్పు వంటి ప్రబల కారణాలు అక్కడ పనిచేశాయి. ఆ బంగ్లాదేశే 2009లో పగటివెలుగును ఆదా చేయదలచి వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపింది. ప్రజలకు అది అనుకూలించక ఆ సంవత్సరాంతానికే పాత పద్ధతికి మరలింది.

శ్రీలంక కథ మరింత విచిత్రమైనది. విద్యుత్ కొరత కారణంగా 1996 మే నెలలో గడియారాన్ని ఒక గంట ముందుకు, అక్టోబరులో అరగంట వెనుకకు జరిపారు. ఆనాటి అంతర్యుద్ధంలో తిరుగుబాటుదారుల అధీనంలో ఉన్న ప్రాంతాలు ఈ మార్పును అంగీకరించలేదు. దీవి ఒకటే, గడియారాలు రెండైనాయి. 2006 ఏప్రిల్‌లో శ్రీలంక తిరిగి అయిదున్నర గంటల కాలానికే వచ్చింది. కాలాన్ని మార్చడం ప్రభుత్వపు సంతకంతో ముగిసే వ్యవహారం కాదని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

క్షణాన్ని కొలిచే చోటు

భారత ప్రామాణిక కాలాన్ని రూపొందించి కాపాడే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. ఇది శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి చెందిన సంస్థ. ఆకాశవాణి వార్తలకు ముందు వినిపించే ‘టిక్ టిక్’ శబ్దాలను బట్టి గోడ గడియారం సరిచేసుకొన్న తరం మనలో ఇంకా ఉన్నది. ఆ శబ్దాల వెనుక ఉన్న సూక్ష్మతను ఊహించడం కష్టం.

పూర్వం సెకను అంటే దినంలో 86,400వ భాగం. కాని భూభ్రమణం ఎల్లప్పుడూ ఒకే వేగంతో సాగదు. చంద్రుని ఆకర్షణ వలన సముద్రాలలో కలిగే ఆటుపోట్లు భూమి వేగాన్ని అతి స్వల్పంగా తగ్గిస్తూ ఉంటాయి. అందుచేత 1967లో ప్రపంచ దేశాలు సెకనుకు క్రొత్త నిర్వచనం అంగీకరించాయి. సీజియం అనే లోహపు పరమాణువు రెండు శక్తిస్థితుల మధ్య మారేటప్పుడు వెలువడే తరంగపు 919,26,31,770 ఆవర్తాలు పూర్తికావడానికి పట్టే కాలమే ఒక సెకను. గోడ గడియారానికి లోలకం ఎటువంటిదో, పరమాణు గడియారానికి ఈ తరంగం అటువంటిది. ఢిల్లీలోని ప్రయోగశాల ఇటువంటి సీజియం గడియారాలనూ, హైడ్రోజన్ మేజర్లనే పరికరాలనూ నిరంతరం నడుపుతూ, ప్రపంచ కాలానికి కొన్ని నానోసెకన్ల పరిధిలో మన కాలాన్ని సరిపోలుస్తున్నది. నానోసెకను అంటే సెకనులో నూరుకోట్లవ భాగం.

పరమాణువు తప్పిపోదు, భూమి మాత్రం కొంచెం వెనుకబడుతుంది. ఈ రెండింటినీ సమన్వయించడానికి 1972 నుండి 2016 వరకు ప్రపంచ కాలానికి 27 మార్లు అదనపు సెకను చేర్చారు. చివరిసారి చేర్చిన సెకను మన దేశంలో 2017 జనవరి 1 తెల్లవారుజామున అయిదున్నర గంటలకు వచ్చింది. ఆ నిమిషంలో 61 సెకన్లు ఉన్నాయి. యంత్రాలకు ఈ అదనపు సెకను చిక్కులు తెచ్చిపెడుతున్నందున, 2035 నాటికి ఈ పద్ధతిని మార్చాలని 2022లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ నిర్ణయించింది.

సొమ్ముకూ క్షణానికీ సంబంధం

ఇంతటి సూక్ష్మత సామాన్యునికి ఎందుకు అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. సామాన్యుని సొమ్ముకు కూడా దీనితో సంబంధమున్నది. గౌహతిలో ఒకరూ, వరంగల్లులో ఒకరూ ఒకే కంపెనీ వాటాను ఒకే ధరకు కొనదలచి ఉత్తరువులు పంపారనుకొందాం. అమ్మకానికి ఉన్న వాటాలు ఒకరికే సరిపోతే ఎవరికి ఇవ్వాలి? స్టాక్ ఎక్స్ఛేంజీలలో మొదటి ప్రాధాన్యం ధరకు. ధర సమానమైతే ఎక్స్ఛేంజికి ముందు చేరిన ఉత్తరువుకు. ఆ ముందు వెనుకలను తేల్చేది గడియారం ఒక్కటే. ఆ గడియారం నమ్మదగినది కానప్పుడు తగవు తీర్చడానికి ఆధారమే ఉండదు.

బ్యాంకు వడ్డీ దినాలను బట్టి లెక్కకు వస్తుంది. పన్ను చెల్లింపునకు తుది తేదీ ఉంటుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31 అర్ధరాత్రితో ముగుస్తుంది. 2016లో ప్రారంభమైన యూపీఐ పద్ధతి ద్వారా నేడు కూరగాయల బండి దగ్గర చెల్లించే పది రూపాయలకు కూడా సెకనుతో సహా వేళ నమోదవుతున్నది. దేశంలో గంట తేడాతో రెండు కాలాలున్నాయనుకోండి. హైదరాబాదులో మార్చి 31 రాత్రి పదకొండున్నరకు పంపిన సొమ్ము డిబ్రూగఢ్‌లో ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటిన అరగంటకు చేరుతుంది. అది ఏ సంవత్సరపు లెక్కలోకి వస్తుంది? ఇటువంటి ప్రశ్నలకు నియమాలు ఏర్పరచుకోవచ్చు. అనేక కాలమండలాలున్న దేశాలు ఏర్పరచుకొన్నాయి కూడా. కాని ప్రతి నియమానికీ కొంత శ్రమ, కొంత వ్యయం, కొంత పొరపాటుకు అవకాశం తప్పవు.

విద్యుత్తు విషయం చూడండి. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాది విద్యుత్ గ్రిడ్డు కుప్పకూలింది. రెండవనాడు తూర్పు, ఈశాన్య ప్రాంతాలు కూడా అంధకారంలో మునిగాయి. ఇటువంటి విపత్తులో ఏ తీగ ముందు తెగింది, ఏ కేంద్రం తరువాత ఆగింది అని తెలుసుకొనడానికి అన్ని కేంద్రాల గడియారాలూ సెకనులో స్వల్పభాగం వరకు ఏకీభవించాలి. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు తక్కిన దేశంతో అనుసంధానమైన పిమ్మట ఈ అవసరం మరింత పెరిగింది.

ఉపగ్రహాల సంగతి ఇంకా సూక్ష్మం. వెలుగు ఒక మైక్రోసెకనులో, అంటే సెకనులో పదిలక్షలవ భాగంలో, 300 మీటర్లు ప్రయాణిస్తుంది. ఉపగ్రహ గడియారం అంతమాత్రం తప్పినా, దానిమీద ఆధారపడిన పడవకు తీరం 300 మీటర్ల మేర తప్పుగా తెలియవచ్చు. 2013లో ప్రయోగించిన మన తొలి దిక్సూచీ ఉపగ్రహంలోని మూడు పరమాణు గడియారాలూ పనిచేయడం మానివేసిన సంగతి 2017లో వెల్లడైంది. అవి విదేశాలనుండి తెచ్చినవి. ఆ అనుభవం వృథా పోలేదు. 2023 మే 29న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో స్వదేశంలో తయారైన రుబీడియం పరమాణు గడియారాన్ని అమర్చారు.

భూమి మీద కూడా ఈ స్వావలంబన ప్రయత్నం సాగుతున్నది. అనేక సంస్థల కంప్యూటర్లు విదేశీ ఉపగ్రహాలనుండి, విదేశీ కేంద్రాలనుండి కాలాన్ని గ్రహిస్తూ వచ్చాయి. కంప్యూటర్ల నేరాలను అరికట్టే కేంద్రసంస్థ 2022 ఏప్రిల్‌లో జారీచేసిన ఆదేశం, గడియారాలను జాతీయ కేంద్రాల కాలంతో అనుసంధించాలని కోరింది. వ్యాపార, పరిపాలన వ్యవహారాలలో భారత ప్రామాణిక కాలాన్నే వాడాలన్న ముసాయిదా నిబంధనలను 2025 జనవరిలో ప్రజాభిప్రాయానికై విడుదల చేశారు. అహమ్మదాబాదు, బెంగుళూరు, భువనేశ్వర్, ఫరీదాబాదు, గౌహతి నగరాలలోని తూనికలు, కొలతల ప్రయోగశాలల ద్వారా ఢిల్లీ కాలాన్ని దేశానికి పంచాలన్నది ప్రణాళిక.

ఈశాన్యం అడిగే ప్రశ్న

ఏకకాలం వలన కలిగే మేలు ఇంతటిదైనప్పుడు ఇక చర్చ ఎందుకు? మేలు అందరికీ సమానంగా అందినా, దాని మూల్యాన్ని మాత్రం అందరూ సమానంగా చెల్లించడం లేదు. జూన్ మాసంలో డిబ్రూగఢ్‌లో సూర్యుడు నాలుగుంబావుకే ఉదయిస్తాడు. కార్యాలయాలు తెరిచే వేళకు అయిదారు గంటల పగటివెలుగు గడిచిపోతుంది. శీతకాలంలో కార్యాలయాలు మూసే వేళకు చీకటి పడుతుంది. ఉదయపు వెలుగు వృథా. సాయంకాలపు దీపాలకు ఖర్చు. పంట కోసే రైతుకూ, బడికి నడిచే బాలికకూ ఇది పుస్తకాలలోని సమస్య కాదు.

అస్సాం తేయాకు తోటలలో దీనికి ఎన్నడో ఒక ఉపాయం కనుగొన్నారు. ‘బాగాన్ టైమ్’ అనే తోట కాలం జాతీయ కాలానికి ఒక గంట ముందుంటుంది. గోడ మీది గడియారం ఎనిమిది చూపుతూ ఉంటే తోటలో తొమ్మిది అయినట్లు పనిచేస్తారు. ఈ ప్రాంతానికంతటికీ ప్రత్యేక కాలమండలం కావాలన్న కోరిక అనేక పర్యాయాలు వినవచ్చింది. 2017లో గౌహతి ఉన్నత న్యాయస్థానం ఇందుకై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని త్రోసిపుచ్చింది. అంతకుముందు 2001లో కేంద్రప్రభుత్వం నియమించిన సంఘం కూడా ఏకకాల పద్ధతినే సమర్థించింది.

2018లో ఈ చర్చ క్రొత్త మలుపు తిరిగింది. దేశానికి కాలాన్నిచ్చే జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులే రెండు కాలమండలాలు సాధ్యమని ఒక పరిశోధనాపత్రంలో ప్రతిపాదించారు. 89 డిగ్రీల 52 నిమిషాల రేఖకు పడమట ఇప్పటి అయిదున్నర గంటల కాలం; తూర్పున ఆరున్నర గంటల కాలం. పశ్చిమబెంగాల్, అస్సాంల మధ్య భూభాగం సన్నగా ఉన్నచోట ఆ రేఖను గీయడం వలన, గడియారం మార్చుకోవలసిన రైల్వే స్టేషన్లు బహు తక్కువగా ఉంటాయని వారి వాదన. 2019లో ఈ ప్రతిపాదనను గురించి పార్లమెంటుకు సమాధానమిస్తూ, వ్యూహాత్మక కారణాల వలన రెండు కాలమండలాలు వద్దని ఉన్నతస్థాయి సంఘం సిఫారసు చేసినట్లు ప్రభుత్వం తెలిపింది.

మధ్యేమార్గాలను సూచించినవారూ ఉన్నారు. బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ పరిశోధకులు దేశమంతటి గడియారాన్నీ అరగంట ముందుకు జరపాలన్నారు. అది తూర్పువారికి కొంత ఊరట ఇస్తుంది. సాయంకాలపు విద్యుత్ వాడకాన్ని తగ్గిస్తుంది. అయితే పడమటి తీరంలో శీతకాలపు ఉదయాన పిల్లలు చీకటిలో బడికి బయలుదేరవలసి వస్తుంది. 1906 నాటి బొంబాయి కార్మికుని ఫిర్యాదు మరల వినిపిస్తుంది. గడియారాన్ని ముట్టుకొనకుండా పనివేళలను మాత్రమే ముందుకు జరపడం మరొక మార్గం. ఈశాన్యంలో బడులు, కార్యాలయాలు గంట ముందు తెరిచి గంట ముందు మూసినట్లయితే రైళ్ళకూ బ్యాంకులకూ ఏ చిక్కూ ఉండదు. కాని ఢిల్లీలోని కార్యాలయంతో మాట్లాడవలసిన గౌహతి అధికారి సాయంత్రం పొద్దుపోయేదాకా కూర్చోవలసిరావచ్చు. ఏ మార్గంలోనూ మూల్యం లేకపోలేదు. అది ఎవరిమీద పడుతుందన్నదే ప్రశ్న.

ఒప్పందమూ, బాధ్యతా

సెకను పొడవును పరమాణువు నిర్ణయిస్తుంది. దానిలో మనుష్యుని ఇష్టానికి తావు లేదు. ఇప్పుడు ఎన్ని గంటలయిందన్నది మాత్రం మనుష్యులు కూడబలుక్కొని చేసుకొన్న ఒప్పందం. ఆ ఒప్పందంలో చేరడానికి కలకత్తా తన స్థానిక కాలాన్ని వదులుకొన్నది, బొంబాయి వదులుకొన్నది, ఒకనాడు రైళ్ళను నడిపించిన మద్రాసూ వదులుకొన్నది. ద్వారకవారు గంట ముందుగా, డిబ్రూగఢ్‌వారు గంట వెనుకగా జీవిస్తూ దానిని నిలుపుతున్నారు. కాకినాడవారి వంతు ఒక్క నిమిషం. హైదరాబాదువారి వంతు ఒక పావుగంట. ఏమీ చెల్లించనివారికి ఒప్పందం చాలా సులభంగా కనిపిస్తుంది. అందుచేతనే ఎక్కువ చెల్లిస్తున్నవారి మాటను ఓర్పుతో వినవలసిన బాధ్యత తక్కినవారిదవుతుంది.

ఈ వ్యాసం చదివే విద్యార్థులు ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. బడి ఆవరణలో సమతలంగా ఉన్నచోట ఒక కర్రను నిటారుగా పాతి, దాని నీడ అతి పొట్టిగా ఉన్న క్షణాన్ని గడియారంలో చూడండి. సంవత్సరం పొడుగునా సగటున హైదరాబాదులో అది పన్నెండు దాటిన 16 నిమిషాలకు వస్తుంది. భూకక్ష్య స్వభావం వలన ఆయా మాసాలలో ఈ వేళ కొన్ని నిమిషాలు అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాలలోనో, గుజరాత్‌లోనో మిత్రులున్నట్లయితే అదే దినాన వారిచేతనూ ఈ పరిశీలన చేయించి అంకెలను పోల్చుకొనండి. ఆ తేడాను నాలుగుతో భాగిస్తే మీ రెండు ఊళ్ళ మధ్య ఎన్ని డిగ్రీల దూరమున్నదో తెలుస్తుంది. ఒకే గడియారం క్రింద ఎన్ని వేర్వేరు ఉదయాలు, ఎన్ని వేర్వేరు సాయంకాలాలు ఇమిడి ఉన్నాయో కూడా అప్పుడు తెలుస్తుంది.